రంగు పూసిన మంద

తొమ్మిదో తరగతిలో ఒక పూటంతా నేను బల్ల కింద కూర్చుని సోమశిల ప్రాజెక్టుకు నీళ్లు తోడాను.

ఉదయగిరిలో మా హైస్కూలు సైన్సు ఎగ్జిబిషన్ అది. జట్టుకు నలుగురు. థర్మాకోల్‌తో డ్యాం కట్టాలి, గేట్లు ఎత్తితే నీళ్లు కాలవలోకి దూకాలి. డ్యాం కట్టడం, రంగులు వెయ్యడం ముగ్గురు ఆడపిల్లలం చూసుకున్నాం. కిందికి పోయిన నీళ్లను మళ్లీ పైకి తోడే చిన్న మోటారు తెచ్చే పని నాలుగోవాడిది. వాడిది మా ఊరే. వాళ్ల నాయనకు పెద్ద గొర్రెల మంద. రోజూ బస్సులో నన్ను చూడగానే, "మోటారు సంగతి నాకొదిలెయ్ మే, అది నా పూచీ" అనేవాడు. తీరా ఎగ్జిబిషన్ రోజు తలకు నూనె పట్టించి, నున్నగా పాపిడి తీసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒట్టి చేతులతో దిగాడు.

"మోటారేదిరా?"

"మా బావ తెస్తానన్నాడు మే. తేలా."

మొహంలో బాధ లేదు, సిగ్గు లేదు. నిన్న వాన పడలేదని చెప్పినట్టు చెప్పాడు. తిట్టడానికి కూడా టైము లేదు. అటెండరును బతిమాలి కిరసనాయిలు తోడే ప్లాస్టిక్ పంపు తెచ్చుకున్నాను. బల్ల మీది గుడ్డను నేల దాకా వేలాడదీసి, బకెట్టుతో సహా కిందికి దూరాను. అక్కడ కూర్చుని పంపు పిసుకుతూ ఉంటే పైన నీళ్లు వాటంతటవే వచ్చినట్టు కనిపించేవి. వాడు బల్ల ముందు నిలబడి వచ్చిన ప్రతివాళ్లకూ గొంతు సవరించుకుని వివరించాడు. మోటారు ఎలా పనిచేస్తుందో కూడా చెప్పాడు. లేని మోటారు గురించి అంత చక్కగా చెప్పగలిగినవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

మాకు బహుమతి వచ్చింది. వాడు స్టేజీ ఎక్కి తీసుకున్నాడు. నేను పావడా పిండుకుంటూ కింద నిలబడ్డాను. చేతుల నుంచి కిరసనాయిలు వాసన. మా సైన్సు టీచరు దగ్గరికి పోయి జరిగినదంతా చెబితే ఆవిడ నవ్వి, "పని చేసిందెవరో నాకు తెలీదా ఏంది? వాడికి మాట బాగా వచ్చుగదా, పోనీలే" అంది. ఆ రోజు ఆ బకెట్టులో వాడి తల ముంచి కాసేపు పట్టుకుని ఉంటే చాలామందికి మేలు జరిగేది. ఇది కోపంలో అంటున్న మాట కాదు. ఇన్నేళ్లు ఆలోచించుకుని అంటున్నది.

ఇలాంటివాళ్లలో నాకు అన్నిటికన్నా మంట పుట్టించేది ఏమిటంటే, వాళ్లు చెడ్డవాళ్లు కారు. దుర్మార్గుడైతే అందరూ కలిసి తిట్టుకోవచ్చు. వీడు అందరికీ కావలసినవాడు. పెళ్లిలో బకెట్టు పట్టుకుని ముందు వరసలో వడ్డనకు దిగుతాడు. ఫొటోలు తీసేవాడు పక్కకు జరగగానే బకెట్టు ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆసుపత్రిలో ఎవరినైనా చేర్చారంటే అందరికన్నా ముందు వచ్చి ధైర్యం చెబుతాడు. మందులు తెస్తానని చీటీ తీసుకుని వెళ్లి సాయంత్రం దాకా రాడు. వచ్చాక మళ్లీ ధైర్యం చెబుతాడు. ఎవరూ ఏమీ అనరు. అనబోయినవాళ్లదే నోరు మంచిది కాదంటారు. మా ఊళ్లో నా నోటికి ఉన్న పేరంతా ఇలా వాడి పుణ్యాన వచ్చిందే.

ఇంటర్ బదులు ఇద్దరం పశువుల డిప్లొమాలో చేరాం. అక్కడ వాడి రికార్డులు వేరే ఆడపిల్లలు రాశారు. నేను రాయలేదు, అంతవరకు నా జన్మ ధన్యం. తరవాత ఇద్దరికీ గ్రామ సచివాలయాల్లో పశువుల అసిస్టెంటు ఉద్యోగాలు వచ్చాయి. నాకు అనంతసాగరం వైపు ఒక ఊరు, వాడికి దాని పక్క ఊరు. గొర్రెలకు టీకాలు వేసే కార్యక్రమం మొదలయ్యేముందు ఆత్మకూరులో మీటింగు పెట్టారు. మా అధికారి పేర్లు చదువుతూ, "మీరిద్దరూ ఒకే ఊరోళ్లు గదా, జట్టుగా పోండి" అన్నాడు.

మీటింగు అయ్యాక టీ తాగుతున్న ఆయన దగ్గరికి పోయి, "సార్, వాడొద్దు, ఇంకెవరినైనా వెయ్యండి" అన్నాను.

"వాణ్ణి ఇంకొకరితో వేస్తే ఇద్దరూ చెయ్యరమ్మా. నువ్వుంటే ఎట్నోకట్ల పని అయిపోతాది."

ఇది నన్ను మెచ్చుకోవడం. ఇలాంటి మెప్పులకు నా నడుము ఇప్పటికే వంగిపోయింది.

మా పని తెల్లవారేసరికి మొదలవ్వాలి. ఒకసారి మంద మేతకు కదిలిందంటే ఆ రోజుకు ఇక సూది లేదు. ఒకరు గొర్రెకు సూది వేస్తుంటే, వేసినదానికల్లా ఇంకొకరు నడినెత్తిన నీలం రంగు పూస్తారు. నెత్తిన రంగుంటే సూది పడినట్టు, లేకపోతే పడనట్టు. మందను చూసినవాళ్లు ఎవరైనా నమ్మేది ఆ రంగునే. రంగు పూసిన మందకు ఫొటో తీసి ఫోన్లో పైకి పంపాలి. నా జట్టువాడు రంగు పూసే పని కోరి తీసుకున్నాడు. ఎండెక్కాక, మందలన్నీ కదలబోయే వేళకు వచ్చేవాడు. అప్పటిదాకా కాపరులు, "ఇంకెంతసేపమ్మా, మేమేం పనీపాటా లేనోళ్లమా?" అని నా మీద విరుచుకుపడేవాళ్లు. నేనే కుడి చేత్తో సూది వేసి ఎడమ చేత్తో రంగు పూసేదాన్ని. వాడు వచ్చి ఫొటోలు బాగా తీసేవాడు.

వేసవిలో వాడి నాయన మంద నేను పనిచేసే ఊళ్లోనే ఉంది. ఉదయగిరి వైపు గడ్డిపోచ కూడా మిగలని ఎండల్లో ఆయన ప్రతి ఏడూ మందను తోలుకుని సోమశిల కింద కోసిన మళ్లలోకి దిగుతాడు. రైతులు ఎరువు కోసం రాత్రిళ్లు తమ పొలాల్లో మంద కట్టించుకుంటారు. ఆయనకు సెంటు భూమి లేదు. మందే పొలం, మందే బ్యాంకు. అందులోంచే ఒక్కొక్కటి అమ్మి కొడుకును చదివించాడు. నేను కనిపిస్తే "పాపా" అని పిలిచి, చెంబు కడిగి మేకపాలు పోసి ఇచ్చేవాడు. నేను ఆయన్ని మామా అనేదాన్ని. నెమ్మదైన మనిషి. ఆ ఇంట్లో నేను గౌరవించిన మనిషి ఆయనొక్కడే.

ఆ మందకు సూదులు వెయ్యాల్సిన రోజుకు ముందు వీడు నా దగ్గరికి వచ్చాడు. "మా మంద నేను చూసుకుంటా మే. ఇంటోణ్ణి నేనుండి నువ్వొచ్చి పొడిస్తే ఏం బాగుంటాది? సీసా నాకియ్యి."

ఇచ్చాను. వాడి సంగతి తెలిసి తెలిసీ ఎందుకిచ్చావని అడుగుతారు, అడగండి. ఎదుటివాళ్ల పని ఎగ్గొట్టేవాడు స్వార్థపరుడని, స్వార్థపరుడు తన ఇంటి పనైనా చేసుకుంటాడని లెక్కేశాను. కన్నతండ్రి మంద కదా. మర్నాడు ఫోన్లో ఫొటో వచ్చింది. గొర్రెలన్నిటి నెత్తుల మీదా నీలం రంగు, ఒక్కటి కూడా తప్పకుండా. వాడు చేతులు కట్టుకుని మధ్యలో నిలబడి ఉన్నాడు. నాకు నిజంగానే సంతోషం వేసింది. "బాగా చేసినావురా" అని మెసేజ్ కూడా పెట్టాను. ఆ మెసేజ్ తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

జూన్‌లో మంచి వానలు పడ్డాయి. మళ్లలో లేత గడ్డి లేచింది. వేసవంతా ఎండు దుబ్బులు కొరికిన గొర్రెలు దాని మీద పడి కడుపు పగిలేటట్టు తిన్నాయి. చిటుకు రోగం వచ్చేది అప్పుడే. మేస్తూ మేస్తూ ఉన్నది ఎగిరి పడి, కాళ్లు కొట్టుకుని చిటికెలో చస్తుంది. వైద్యం చేసే వ్యవధి ఉండదు. మేం వేసవిలో ముందుగా వేసే సూదే దానికి మందు.

ఒక పొద్దున, మంద కట్టించుకున్న రైతు ఫోన్ చేశాడు. "నువ్వు సూదులేసిన మంద చస్తా ఉండాది. వచ్చి చూడు నీ నిర్వాకం" అని పెట్టేశాడు. ఐసు పెట్టెలో కొత్త సీసాలు పెట్టుకుని పోయాను. గట్టు వెంబడి గొర్రెలు పడి ఉన్నాయి. పొట్టలు ఉబ్బి, నోట నురగ కారుతూ, ప్రతిదాని నెత్తినా నీలం రంగుతో. ఊళ్లో సగంమంది అక్కడే ఉన్నారు. నన్ను చూడగానే, మందు కల్తీదని ఒకరు, ఎండలో పెట్టి పాడు చేసిందని ఒకరు, ఆడపిల్లకు సూది వెయ్యడమేం తెలుసని ఇంకొకరు అందుకున్నారు. వీడు వాళ్ల మధ్యలోనే నిలబడి తల ఊపుతున్నాడు. ముసలాయన చచ్చిన ఒక గొర్రె దగ్గర గొంతుక్కూర్చుని దాని చెవి నిమురుతున్నాడు.

పక్క పొలంలో ఇంకో మంద ఉంది. అదే మందు, అదే గడ్డి. వాటికి నేను సూది వేశాను. ఒక్కటీ పడలేదు.

"సీసా ఏదిరా?" అన్నాను.

"అయిపోతే పారేసినా మే."

వాడి బండి దగ్గరికి పోయి పక్క డబ్బా మూత తీశాను. రంగు సీసా ఖాళీగా ఉంది. మందు సీసా నిండుగా ఉంది. మూత మీది రేకు కూడా తియ్యలేదు. ఎండకు కాగి కాగి చేతికి వెచ్చగా తగిలింది. దాన్ని నా సంచీలో వేసుకుని ఊరుకోవచ్చు, తరవాత వాడిని పక్కకు పిలిచి దులిపెయ్యొచ్చు. ఆ ముసలాయన కొడుకు మీద పెట్టుకున్న నమ్మకమన్నా మిగిలేది. నేను అలా చెయ్యలేదు. అందరూ చూస్తుండగా నడిచిపోయి ఆ సీసాను ఆయన అరచేతిలో పెట్టాను.

"మామా, నీ కొడుకు రంగు పూసినాడు. సూది వెయ్యలేదు."

ఒక్కొక్క మాటా విడివిడిగా, వెనకున్నవాళ్లకు కూడా వినపడేటట్టు అన్నాను. అంటుంటే హాయిగా ఉంది. అంతమంది ముందు వాడి మొహం మాడిపోతుంటే కళ్లారా చూశాను. ఎదురుగా గొర్రెలు చచ్చి పడున్నా సరే, ఆ నిమిషం నాకు పండగే.

వాడు భోరుమన్నాడు. గట్టు మీద కూలబడి, "మర్నాడు పొడుద్దామనుకున్నా నాయనా... వింజమూరులో మ్యాచ్ ఉండాదంటే పొయ్యినా... మర్చిపోయినా నాయనా" అని తల బాదుకున్నాడు. చూస్తుండగానే జనం వాడి చుట్టూ చేరారు. "ఊరుకో అబ్బయ్యా, కావాలని చేసినావా ఏంది?" అని ఒకావిడ చెంగుతో వాడి మొహం తుడిచింది. ఎవరో సోడా తెమ్మని పంపారు. అప్పటిదాకా నన్ను కల్తీ మందుదాన్నన్నవాళ్లలో ఒక్కరు కూడా నా వైపు తిరగలేదు.

ముసలాయన సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు తెలుసు పాపా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"రంగు పూసి ఫొటో తీసుకోని ఎలబారినాడు. సూది ఏదిరా అంటే రేపన్నాడు. వాడి రేపు నాకు తెలియందా?"

"తెలిస్తే నాకొక్క ఫోన్ చేసుండగూడదా మామా? అరగంటలో వచ్చుంటా గదా!"

"నువ్వుండావు గదా, ఎట్నో చూసుకుంటావులే అనుకున్నా. చిన్నప్పటినుంచి వాడి పని నువ్వే గదా చేసేది. ఈసారి ఎందుకు చెయ్యలేదు పాపా?"

ఎత్తిపొడవడం కాదు. నిలదీయడం కూడా కాదు. తెలుసుకోవాలని అడుగుతున్నట్టే అడిగాడు. పొలం రైతు, "అదీ మాటంటే. ఈ ఊరు నీది గదమ్మా, నువ్వొకసారొచ్చి చూసుకోవల్ల" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అవునన్నారు. జవాబు నా నోటిదాకా వచ్చింది, నాది ఊరూరా పేరున్న నోరు. కానీ ఆయన సీసాను గట్టు మీద పెట్టి దడి వైపు లేచాడు. ఇంకా బతికున్న గొర్రెలు దడిలో అరుస్తున్నాయి. ఆ నోరు మూసుకుని ఐసు పెట్టె తెరిచాను.

బతికి ఉన్నవాటికి ఇప్పుడు వేసినా ఎన్ని దక్కుతాయో తెలియదు. అయినా వెయ్యాలి. ఆయన ఒక్కొక్క గొర్రెనూ పట్టి తన మోకాళ్ల మధ్య ఇరికిస్తుంటే నేను సూది వేస్తూ పోయాను. అన్నిటికీ ముందే నీలం రంగు ఉండడంతో వేసినదేదో వెయ్యనిదేదో కలిసిపోతోంది. ఎర్ర రంగు తీసి, ఒక చేత్తో సూది, ఒక చేత్తో రంగు పట్టుకుని తంటాలు పడుతున్నాను. తలెత్తి చూస్తే నా జట్టువాడు చెట్టు కింద నులకమంచం మీద కూర్చుని సోడా తాగుతున్నాడు. ఇద్దరు పక్కన కూర్చుని వీపు రాస్తున్నారు.

"వాణ్ణి పిలువు మామా. రంగన్నా పూస్తాడు" అన్నాను.

ఆయన కొడుకు వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటుందేమోనని వెతికాను. లేదు.

"వాణ్ణి కదిలించొద్దు పాపా, ఏడ్చి ఏడ్చి అలిసిపోయినాడు. నువ్వు కానీ."

కానిచ్చాను.