మలుపు దగ్గర కూత

మా ఇంట్లో ఇద్దరు కూతగాళ్లుండేవారు. ఒకరు మా ఆయన, కొండమీది ఇనపరాయిని విశాఖ వైపు మోసుకెళ్లే గూడ్సుబండికి డ్రైవరు. రెండోది మా అమ్మాయి, బడి కబడ్డీ జట్టులో కూతకి వెళ్లే పిల్ల. కూతలు నాకూ వచ్చు. కాకపోతే నావి వంటింటి గుమ్మం దాటేవి కావు.

దంతెవాడ దాటాక వచ్చే బచేలీలో, రైల్వే క్వార్టర్లలో చివరి వరస మాది. ఇంటి వెనక ఆటస్థలం, దాని వెనక పట్టాలు, పట్టాల వెనక బైలడిలా కొండ. స్టేషన్‌కి వచ్చే బండి ఆ కొండ అంచున మలుపు తిరిగి కనబడుతుంది. కనబడకముందే వినబడుతుంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా డ్రైవర్ల ఇళ్లన్నిటికీ ఒక అలవాటు ఉండేది. ఆ మలుపు దగ్గర ఎవరి హారన్ వాళ్లు, తమ ఇంటివాళ్లు గుర్తుపట్టేలా కొట్టేవారు. రూల్సు పుస్తకంలో లేని సిగ్నలు అది. వినగానే ఆ ఇంటావిడ పొయ్యి మీద ఎసరు పెట్టాలి. ఇంజను అప్పజెప్పి, సంతకం పెట్టి, మనిషి గుమ్మంలోకి వచ్చేసరికి అన్నం వార్చి ఉండాలి. కొండెక్కి వచ్చే బండీ ఖాళీయే, అందులో వచ్చే కడుపూ ఖాళీయే.

మా ఆయన కూత పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. పొడుగు ఆయన, పొట్టి నేనూ అమ్మాయీ. మా ఇంటి గ్రూపు ఫోటో అన్నమాట. మా అత్తగారు మాత్రం ఈ ఫోటోకి ఎప్పుడూ ఒప్పుకోలేదు.

"ఏట్రా, నిన్ను కన్నదాన్ని నేను. అందులో నా కూతేదిరా?"

"నువ్వు ఇంజనువమ్మా. ఇంజను లేందే కూతెక్కడిది?" అనేవారాయన.

ఆ లైన్లో సొరంగాలూ వంతెనలూ వానల్లో కాలు జారే కొండలూ తప్ప తిన్నని దారి తక్కువ. ఆయన డ్యూటీకి వెళ్లాక, బతికే ఉన్నారని నాకు తెలిసే మార్గం ఆ కూత ఒక్కటే. ఫోను స్టేషన్లో ఉండేది. మా ఇంట్లో ఉన్నది చెవి. కూత వినబడితే నా గుండె తన పని తాను చూసుకునేది.

ఎండాకాలం వస్తే ఎర్రదుమ్ము. తెల్లచీర కొన్నరోజు మాత్రమే తెల్లచీర. ఆరేసిన బట్టలు, అప్పడాలు, మా అత్తగారి జుట్టు అన్నీ ఒకే రంగుకి వచ్చేవి. ఆ రంగు మీకు నప్పిందత్తయ్యా అని ఒకసారి అన్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు ఇల్లు ఎంతో ప్రశాంతంగా ఉంది. సెలవుల్లో పాసెంజరెక్కి మా ఊరు వెళ్లేవాళ్లం. డ్రైవర్ని తీసుకెళ్లి ప్రయాణికుల మధ్య కూర్చోబెడితే, వంటవాణ్ణి పెళ్లిపీటల మీద కూర్చోబెట్టినట్టే. ప్రతి వంపులోనూ ఆయన చెయ్యి, అక్కడ లేని హారన్ని నొక్కేది. మా అమ్మాయికి ఆ ప్రయాణమంతా ప్రాక్టీసు. బండి సొరంగంలో దూరగానే "కబడ్డీ కబడ్డీ" అని అందుకుని, అవతలి వెలుగు కనబడేదాకా ఊపిరి విడవకూడదని తనతో తనకే పందెం.

ఒక ఏడు, అరకు దాటాక, పొడుగాటి సొరంగంలో సగం దారిలోనే దాని ఊపిరి అయిపోయింది. నా భుజం మీద తల పెట్టి రొప్పుతోంది. కూత మాత్రం ఆ చీకట్లో ఇంకా కాసేపు సాగింది. బండి వెలుగులోకి వచ్చాక ఒకళ్ల ముఖాలొకళ్లం చూసుకున్నాం.

"గోడలు తిప్పికొట్టాయి," అన్నారు మా ఆయన.

"అంతసేపా నాన్నా?"

ఆయన పల్లీల పొట్లం విప్పారు. మా ఇంట్లో జవాబు దొరకని ప్రశ్నలకి పల్లీలు దొరికేవి.

దసరాకి జగదల్‌పుర్ వెళ్లి రథం చూసేవాళ్లం. చలికాలంలో చిత్రకోట్ జలపాతం దగ్గర చాప పరుచుకుని నేను చేసిన పులిహోర తినేవాళ్లం. అక్కడి కోతులు దాన్ని ఒకసారి వాసన చూసి, మిగతా కుటుంబాల వైపు మర్యాదగా వెళ్లిపోయాయి. వానాకాలం మాత్రం ఎక్కడికీ వెళ్లేవాళ్లం కాదు. మబ్బే మా ఇంటికి వచ్చేది. కొండ దిగి ఆటస్థలంలో కూర్చునేది. పిల్లలు ఆ మబ్బులోనే కబడ్డీ ఆడేవారు. వంటింటి కిటికీలోంచి చూస్తే మనుషులు కనబడరు. కూత ఒక్కటే కనబడని చోటికి వెళ్లి, కనబడని కాళ్ల మధ్య తిరిగి, మళ్లీ వెనక్కి వచ్చేది.

ఆ శ్రావణంలో అమ్మాయి జట్టు దంతెవాడలో జరగబోయే పోటీలకి తయారవుతోంది. వాళ్లకి నేర్పే డ్రిల్ మేడమ్ ఇక్కడి గోండు ఆవిడ. వానా, ఆదివారం, రెండూ ఒకేసారి వచ్చినా వదిలే మనిషి కాదు. అలాంటి ఒక ఆదివారం, అత్తగారూ నేనూ సంతలో తెచ్చిన లేత వెదురు కొమ్ములు తరుగుతున్నాం. భోజనాల వేళ ఇంకా కాలేదు. మలుపు దగ్గర కూత వినబడింది. పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు.

"వచ్చీసినాడు. ఎసరు పెట్టీయే," అన్నారు అత్తగారు.

"రాత్రికి గానీ రానన్నారు కదత్తయ్యా."

"తొరగా వస్తే తప్పేటి? నీ మొగుడేగా, ఆఫీసరు కాదుగా."

ఎసరు పెట్టాను. అన్నం వార్చాను. ఆయన రాలేదు. అన్నం మీద ఆవిరి పోయింది. అప్పుడు అమ్మాయి వచ్చింది, తల తడిసి, మోకాళ్లకి బురదతో. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"నాన్న వచ్చారా?"

"ఇంకా లేదు. కూత విన్లేదా నువ్వు?"

"విన్నానమ్మా. అందరం విన్నాం. బండి రాలేదు."

"మబ్బులో కనపడి ఉండదే."

"పట్టాల పక్కనే కదమ్మా ఆడుతున్నాం. బండి వస్తే కాళ్ల కింద నేల అదరదా? అదరలేదు. చక్రాల చప్పుడు లేదు. కూత ఒక్కటే మలుపు తిరిగి, మా ముందు నుంచి వెళ్లి, ఆగిపోయింది. మేడమ్ ఆట ఆపేసి 'బస్, ఖతమ్. సబ్ ఘర్ జావ్' అన్నారు. ఇళ్లకి ఎందుకు పొమ్మంటున్నారని అడిగితే చెప్పలేదు. మమ్మల్ని ముందు నడిపించి, తను వెనక్కి తిరిగి చూసుకుంటూ వచ్చారు."

మా అత్తగారు లేచి, అన్నం గిన్నె మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

"ఆకలేస్తోంది మామ్మా."

"అటుకులు తిను. ఇది ఆడి కూతకి వండిన కూడు. ఆడొచ్చే వరకు ఎవులూ ముట్టకండి."

పొద్దు వాలుతుండగా స్టేషన్ నుంచి, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ గొడుగేసుకుని వచ్చాడు. మద్దేడ్ అనే ఊరి అబ్బాయి, తెలుగే గానీ యాస వేరు, నన్ను అక్కా అని పిలిచేవాడు.

"ఏందక్కా, అందరు గిట్ల కూసున్నరు? పరేషాన్ గాకుండ్రి. కింద కొండ జారింది, లైన్ బంద్. అన్న బండి ఆడ్నే ఉన్నదట. చెప్తుండంగనే ఫోన్ కట్ అయింది."

"ఎప్పుడు జారింది?"

"ఇందాకనే, చాయ్ తాగే యాళ్లకు."

"చాయ్ వేళకా? ఆయన బండి భోజనాలకి ముందే మలుపు దాటింది కదా!"

అతను గొడుగు ముడిచి నావైపు చూశాడు. "ఏ బండక్కా? పొద్దుగాల సంది ఒక్క బండి గుడ పైకి రాలే."

అంతవరకూ నా దగ్గర ఉన్న ధైర్యం ఆ కూతే. కూసిన మనిషి బతికే ఉంటాడు కదా అని. ఇప్పుడు కూత ఉంది, బండి లేదు. మరి కూసిందెవరు? ఆ రాత్రి గురించి రాయడానికి వాన తప్ప ఏమీ లేదు.

పొద్దున్నే ఆయన వచ్చారు. రాళ్లు తీసేవాళ్ల లారీ ఎక్కి, మిగతా దారి నడిచి వచ్చారట. గుమ్మంలో నిలబడ్డది మనిషో, ఎర్రమట్టితో చేసిన బొమ్మో తెలియలేదు. అత్తగారు అప్పుడు మూత మీది చెయ్యి తీశారు. ఆయన కాళ్లు కూడా సరిగ్గా కడుక్కోకుండా ఆ చల్లన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నారు.

"ఇంజనుకి ఎదురుగా దిగింది కొండ," అన్నారు తింటూ. "బ్రేకు వేశాను. ఆ పెద్ద రాయి, ఇదిగో, ఆ గోడంత దూరంలో ఆగింది. అయిపోయిందనుకున్నాను. చెయ్యి దానంతటదే హారన్ మీదికి వెళ్లింది. ఇంటి కూత కొట్టాను. అంత దూరం నుంచి వినబడదని తెలుసనుకో."

"వినబడింది," అన్నాను.

ఆయన నవ్వారు. "ఊరుకోవే. మధ్యలో ఎన్ని కొండలు!"

"అప్పుడు ఏం వేళ నాన్నా?" అంది అమ్మాయి.

"అసిస్టెంటు ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాడు. అది మీదంతా ఒలికింది, చూడు."

"మేం భోజనాలకి ముందే విన్నాం."

ఆయన ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. అమ్మాయి వైపు, నా వైపు, వాళ్లమ్మ వైపు వరసగా చూశారు. ఎవరమూ నవ్వడం లేదని తేలాక ముద్ద మళ్లీ పళ్లెంలో పెట్టారు. ఈసారి పల్లీలు కూడా విప్పలేదు.

లైను బాగయింది. ఆయన డ్యూటీ ఎక్కారు. మలుపు దగ్గర కూత మామూలుగా వినబడేది, వెనకే ఆయన వచ్చేవారు. మామూలుగా లేనిది నేను. విన్న ప్రతిసారీ ఒకటే అనుమానం. ఇది కూసిన కూతా, ఇంకా కూయబోయే కూతా? బియ్యం కడుగుతూ గుమ్మం వైపు చూసేదాన్ని. ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని. అసలే నా వంట, దానికి తోడు భయం కూడా కలిస్తే ఆ ఇంటివాళ్ల గతి మీరే ఊహించుకోండి.

దంతెవాడ పోటీలయ్యాయి. అమ్మాయి జట్టు ఓడిపోయి, జీపులో పాటలు పాడుకుంటూ గెలిచినట్టే తిరిగొచ్చింది. వానలు వెనకబట్టే రోజుల్లో, ఆయన డ్యూటీకి వెళ్లేముందు నలుగురం కలిసి భోంచేస్తున్నాం. ఆయన నా ఎదురుగానే ఉన్నారు, చెయ్యి పప్పన్నంలో ఉంది. మలుపు దగ్గర కూత వినబడింది.

పొడుగ్గా. పొట్టిగా. పొట్టిగా.

ఆయన కూడా విన్నారు. ఆ మనిషి తన కూతని బయటినుంచి వినడం అదే మొదటిసారి.

"ఇవాళ వెళ్లకండి," అన్నాను. "ఒంట్లో బాలేదని సిక్ పెట్టండి."

"పెడితే బండి ఆగదే. పక్కింటాయన్ని పిలుస్తారు. వాళ్లావిడ కూడా ఎసరు పెట్టుకునే మనిషే కదా."

నా చేతికి అందింది ఆయన చొక్కా అంచు. అది పట్టుకున్నాను. అమ్మాయి రెండో వైపు పట్టుకుంది. అత్తగారు మాత్రం తాపీగా చెయ్యి కడుక్కున్నారు.

"ఎల్లనీయండే ఆణ్ని," అన్నారు. "ఒరే, ఇలా ఇను. నీ కూత నీకంటే ముందొచ్చీసి మా పేణాలు తీస్తంది. ఇయ్యాల ఎల్లేటప్పుడు ఆ మలుపు కాడే కొట్టీసి ఎల్లు. ఇప్పుడు మనం ఇన్నది ఆ కూతే అయిపోద్ది. అక్కడితో లెక్క సరి. వచ్చేటప్పుడు మాత్రం నోరు మూసుకుని రా. ఇంకెప్పుడూ వచ్చేటప్పుడు కొట్టకు."

"డ్రైవరు హారన్ కొట్టకుండా ఎలాగమ్మా?"

"బండికి కొట్టాల్సింది కొట్టుకో. ఇంటికి కొట్టాల్సింది కొట్టకు."

ఆయన బ్యాగు తీసుకుని వెళ్లారు. నేను పెరట్లో నిలబడ్డాను. నిండు బండి నేలని అదరగొట్టుకుంటూ ఆటస్థలం వెనక నుంచి కదిలింది. మలుపు దగ్గర కూత పెట్టారు. పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. అప్పటిదాకా ఎప్పుడూ దగ్గరికి వచ్చే ఆ కూత, మొదటిసారి దూరంగా వెళ్లిపోతోంది. అది పూర్తిగా ఆగిపోయేదాకా విన్నాను. ఆగిపోయాక కూడా కాసేపు విన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు మళ్లీ దిగింది. అత్తగారు పక్కింట్లో ఉన్నారు, అమ్మాయి బడిలో. ఖాళీ బండి ఒకటి మలుపు తిరిగి, ఇంటి కూత పెట్టకుండా, పెద్ద చీకటి గోడలా ఆటస్థలం అంచున జరిగి వెళ్లింది. ఎవరిదో తెలియదు. ఎసరు పెట్టాలో వద్దో తెలియదు. ఈ వానలన్నాళ్లూ కూతకి భయపడ్డదాన్ని, కూత లేకపోతే ఎంత భయమో అప్పుడు తెలిసింది.

పెరటి వైపు తలుపు దగ్గర నీడ పడింది. మబ్బులో ఒక మనిషి, పైనుంచి కిందిదాకా ఎర్రగా, ముఖం తెలియకుండా నిలబడ్డాడు.

"ఎవరూ?" అన్నాను.

పలకలేదు.

"ఎవరు, చెప్పండి!"

ఇంకా పలకలేదు. నా చేతిలో గరిటె ఉంది. దాంతో ఏం చెయ్యాలనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

"మాట్లాడొచ్చా?" అన్నారు చివరికి. "అమ్మ నోరు మూసుకుని రమ్మంది." చెప్పులు విప్పుతూ, "కూరేంటి?"

"బీరకాయ."

"మళ్లీనా?"

నేను గరిటె దించాను. దెయ్యమైతే నా వంట గురించి రెండో మాట అడగదు.

"అన్నం ఉందా?"

"పెట్టలేదు. మీరు వస్తున్నట్టు నాకెలా తెలుస్తుంది?"

"పెట్టు మరి. కూర్చుంటాను," అని ఆయన గడప మీద కూర్చుని, మబ్బు వైపు వీపు పెట్టి, నేను బియ్యం కడుగుతుంటే చూడసాగారు.