అత్తగారి పేరు మీద తుపాకీ

మా వీధిలో సెలూన్ మావయ్య అంటే తెలియనివాళ్ళు లేరు. రెండు అద్దాలు, రెండు కుర్చీలు, అందులో ఒకటి ఎప్పుడూ రిపేరులో ఉండే దుకాణం ఆయనది. కబుర్లకు మాత్రం లోటు లేదు. గడ్డానికి సబ్బు పట్టించి, కత్తి మెడ మీద ఆనించాక తన తుపాకీ సంగతి మొదలుపెట్టేవాడు. ఎదురుగా అడవిపంది, చేతిలో తుపాకీ, ఒక్కటంటే ఒక్క దెబ్బ! వినేవాడి గొంతు మీద కత్తి ఉండేది కనుక, ఆ పంది ఏటేటా ఎంత బలిసినా ఎవరూ కాదనేవారు కారు.

నిజానికి ఆ తుపాకీ ఆయన నాన్నది. ఒంటి గొట్టంది. పెద్దాయన పళ్ళతోటలకు కాపలా కాసేవాడు. పిట్టల్ని తోలడానికి గాల్లోకి పేల్చడమే తప్ప దానితో ఎవరికీ కీడు చేసి ఎరగడు. ఆయన పోయాక అది లైసెన్సుతో సహా కొడుక్కి వచ్చింది. సెలవురోజున మావయ్య దాన్ని మంచం కింద నుంచి తీసి, పాత బనీను ముక్కకు నూనె అద్ది, పసిపిల్లకు ఒళ్ళు తుడిచినంత శ్రద్ధగా తుడిచేవాడు. అంత వాగుడుకాయ నోట ఆ కాసేపూ ఒక్క మాట వచ్చేది కాదు.

ఒకరోజు వంతు కోసం బెంచీ మీద కూర్చున్న పోస్టుమాస్టరు పేపర్లోంచి తలెత్తి, "మావయ్యా, తుపాకీల చట్టం మార్చారట," అన్నాడు.

"మారిస్తే నాకేం? నేనేమన్నా దొంగనా?"

"దొంగలు లైసెన్సు తీసుకోరుగా, అందుకే నీకొచ్చింది తంటా. ఇకమీదట తుపాకీ ఉన్నవాళ్ళంతా కంటి పరీక్ష చేయించుకోవాలట. దాన్ని గోడకు బిగించిన ఇనప్పెట్టెలో పెట్టాలట. వాళ్ళ ముందు పేల్చి చూపించాలట. ఏ ఒక్కటి కుదరకపోయినా నెలాఖరులోగా స్టేషన్లో అప్పగించడమే."

మావయ్య చేతిలో కత్తెర ఆగిపోయింది. కుర్చీలో ఉన్నాయన ఒకవైపు మీసంతో అలాగే బిగుసుకుపోయాడు.

"మా నాన్న జన్మంతా భుజాన మోశాడయ్యా దాన్ని. ఇప్పుడు నా కళ్ళు బాగుంటేనే అది నాదవుతుందా?" అన్నాడు మావయ్య.

ముందు ఇనప్పెట్టె తెచ్చాడు. ఆ ఇంట్లో గదుల మధ్య గోడలన్నీ చెక్కవి. మేకు కొడితే అవతలి గదిలో తేలుతుంది. ఇటుక గోడ ఉన్నది అత్తగారి గదిలో ఒక్కటే. అత్తగారంటే మావయ్య భార్యకు తల్లి. ఆవిడకు ఈమధ్యే రెండు కళ్ళలోనూ శుక్లాలు తీసేశారు. అప్పటినుంచీ ఆ ఇంట్లో దుమ్ముకు మనశ్శాంతి లేదు.

"తుపాకీ తెచ్చి నా తల దగ్గర పెడతారా అల్లుడుగారూ?"

"తల దగ్గర కాదత్తయ్యా, కాళ్ళ దగ్గర."

"కాళ్ళ దగ్గరైతే పెట్టండి. పెట్టె పెద్దదిగానే ఉంది. మీరు విప్పి నేల మీద పడేసే చొక్కాలు కూడా అందులో పెట్టుకోండి."

కంటి పరీక్షకు మావయ్య తనదైన తెలివితో వెళ్ళాడు. తలుపు బయట కూర్చుని, లోపల ముందు వాళ్ళు చదువుతున్న అక్షరాలన్నీ కంఠతా పట్టేశాడు. అత్తగారు కూడా కంట్లో వేసుకునే చుక్కలమందు కోసం వెంట వచ్చి పక్కనే కూర్చుంది. పేరు పిలవగానే మావయ్య గుండె విరుచుకుని లోపలికి వెళ్ళాడు. డాక్టరు చదవమన్నదే తడవు, మొదటి వరస నుంచి చివరి వరస దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశాడు.

తెరిచి ఉన్న తలుపులోంచి అత్తగారి గొంతు మెల్లగా వినిపించింది.

"అల్లుడుగారూ, ఆ అట్ట తిప్పేశారు. ఇప్పుడక్కడ అక్షరాల్లేవు, అంకెలున్నాయి."

మావయ్యకు రెండు కళ్ళలోనూ శుక్లాలే. ఆపరేషన్ చేసి, కళ్ళు కుదురుకుని, మళ్ళీ పరీక్ష చేసేసరికి గడువు దాటిపోతుంది. తుపాకీ సంగతి సరే, కబురు వీధిలో పొక్కి దుకాణం ఖాళీ అయింది. గుండు కొట్టించుకునేవాళ్ళు కూడా పక్క వీధికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళుగా తమ చెవులు తమకే ఉన్నందుకు కొందరు దేవుడికి దండం పెట్టుకున్నారట.

మావయ్య లైసెన్సుల ఆఫీసుకు వెళ్ళి బతిమాలాడు. అక్కడి మేడమ్ మంచిదే. "చట్టం నా చేతుల్లో లేదండీ. మీ ఇంట్లో వేరే పెద్దవాళ్ళెవరైనా అన్ని పరీక్షలూ నెగ్గితే వాళ్ళ పేరు మీదకి మార్చుకోవచ్చు. తుపాకీ ఇంట్లోనే ఉంటుంది," అంది.

ఆయన ఇంటికొచ్చి సంగతి చెప్పి, ఆశగా భార్య వైపు చూశాడు.

"కుక్కర్ కూత పెడితేనే నాకు గుండె దడ! నావల్ల కాదండీ," అందావిడ.

"నేను వెళ్తాలే," అంది అత్తగారు, కూరగాయలు తరుగుతూ తలెత్తకుండానే.

భార్యాభర్తలిద్దరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

కంటి పరీక్షలో ఆవిడ అన్నిటికంటే కింది వరస చదివి, ఆ కింద సన్నగా అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా చదివింది. గురి పరీక్షకు ఊరి చివర మైదానానికి వెళ్ళారు. మావయ్య తోడు వెళ్ళాడు. అక్కడ నేర్పే మాస్టారు ఆవిడను పైనుంచి కిందికి చూసి, "తుపాకీ ఎలా పట్టుకోవాలో తెలుసామ్మా?" అని అడిగాడు.

"కాగిన నూనె మూకుడు పట్టుకున్నట్టు పట్టుకోవాలి. మనుషులవైపు తిప్పకూడదు. చేతిలో ఉన్నంతసేపూ కబుర్లు చెప్పకూడదు," అని ఆవిడ ఓరగా అల్లుడి వైపు చూసింది.

మాస్టారు మారుమాట్లాడకుండా తూటా ఇచ్చాడు. ఆవిడ కొంగు నడుముకు దోపి, గొట్టం ఎత్తి పేల్చింది. తుపాకీ తన్నిన తన్నుకు వెనక్కి ఒక అడుగు వేసి, "అబ్బ, దీనికీ పొగరే!" అంది. పోయి చూస్తే గురి అట్ట మీద తూటాలోని గుళ్ళ చిల్లులు పడ్డాయి. నట్టనడుమ కాదు గానీ, నెగ్గడానికి సరిపోయాయి.

తిరుగు బస్సులో మావయ్య ఉండబట్టలేక అడిగాడు.

"మీకు తుపాకీ అంటే మొదట్నుంచీ గిట్టదు కదత్తయ్యా. ఇంత కష్టం ఎందుకు పడ్డారు?"

"మీ మావయ్యగారి సైకిలు గుర్తుందా?"

మావయ్యకు గుర్తుంది. అది పోయిన మామగారిది. పెరట్లో తుప్పు పట్టిపోతోందని, అత్తగారు ఊళ్ళో లేనప్పుడు పాత ఇనుముకు వేసేశాడు.

"తొక్కేవాళ్ళు లేరు, నిజమే. కానీ ఆ సీటు మీద చెయ్యేస్తే నాకు మనిషి పక్కన ఉన్నట్టే ఉండేది. నేను వచ్చేసరికి అక్కడ నేల మీద చక్రాల గుర్తులున్నాయంతే."

"అప్పుడే అనాల్సింది అత్తయ్యా. ఎలాగైనా వెనక్కి తెచ్చేవాణ్ణి."

"మీరడిగితేగా," అందావిడ. "మీకలా కాకూడదనిపించింది."

బస్సు దిగేటప్పుడు మావయ్య ఆవిడ చేతిసంచీ అడక్కుండానే అందుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి అని ఆయన భార్య వీధంతా చెప్పుకుంది.

తర్వాత మావయ్య కళ్ళకు ఆపరేషన్ అయింది. కట్టు విప్పి దుకాణానికి వచ్చిన రోజున పోస్టుమాస్టరు ధైర్యం చేసి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన తల వెనక తాను ఇన్నాళ్ళూ చేసిన పని మావయ్య మొదటిసారి చూసుకున్నాడు. మేడమెట్లలా ఉంది.

"ఇలా ఉందని చెప్పలేదేమయ్యా?"

"వెనక ఉన్నది నాకేం తెలుస్తుంది మావయ్యా? మా ఆవిడ అంటూనే ఉంది, కొత్త ఫ్యాషనేమో అనుకున్నాను."

ఆ వారమంతా పాత ఖాతాదార్లను ఒక్కొక్కరినే పిలిచి డబ్బు తీసుకోకుండా తలలు సరిచేశాడు. పక్క వీధికి వెళ్ళినవాళ్ళు కూడా తిరిగొచ్చారు.

చూపు తిరిగొచ్చింది కనుక తుపాకీని మళ్ళీ తన పేరు మీదకి మార్చమని అడుగుదామనుకున్నాడు. ఒకటి రెండుసార్లు నోటి దాకా వచ్చింది కూడా.

"తొందరేముంది? ఇంట్లోనే ఉందిగా," అంది అత్తగారు, ఆయన నోరు తెరవకముందే.

ఆవిడకు మైదానం అలవాటైపోయింది. నెలకోసారి వెళ్ళాల్సిందే. లైసెన్సు ఉన్న మనిషి పక్కన నిలబడితే ఇంట్లోవాళ్ళు కూడా అక్కడ పేల్చవచ్చని మాస్టారు చెప్పడంతో, ఒకరోజు మావయ్య వంతు వచ్చింది. ఆయన నాన్న తుపాకీని భుజానికి ఆనించాడు. నిజం చెప్పాలంటే, తూటా వేసి పేల్చడం ఆయనకు అదే మొదలు.

"మోచెయ్యి దించండి. ఊపిరి బిగపట్టకండి," అంది వెనక నుంచి అత్తగారు.

మావయ్య కళ్ళు మూసుకుని పేల్చేశాడు. తెరిచి చూస్తే ఆయన అట్ట చెక్కుచెదరలేదు. పక్కాయన అట్ట కింద పడి ఉంది. ఆ పక్కాయన తుపాకీ దించి ఇటు తిరిగి చూశాడు.

"ఏమీ అనుకోకండి బాబూ," అంది అత్తగారు. "మా అల్లుడుగారు కొత్త. నేర్పుతున్నాను."