దొరికిన ఫైలు

ఈ రోజు ఆఫీసులో ఒక అబద్ధం ఆడాను.

నా పక్క సీటు సరోజగారు పోయిన నెల రిటైరై కోటాలోని సొంతింటికి వెళ్ళిపోయారు. బిలాస్‌పూర్‌లో, మా రైల్వే ఆఫీసు గదిలో నాతో తెలుగు మాట్లాడేది ఆవిడొక్కరే. మధ్యాహ్నం పాత క్వార్టర్ల జాబితా కావలసి వచ్చింది. ఆవిడ కంప్యూటర్‌లో ఎంత వెతికినా కనిపించకపోతే ఫోన్ చేశాను.

"డి డ్రైవ్ తెరువు. అందులో 'పాతవి' అని ఫోల్డరుంటాది, సూడు. దాన్లో ఏ ఏడాదిది ఆ ఏడాదికే పెట్టాను. దొరికిందేటి?"

దొరికింది. కళ్ళెదురుగానే ఉంది.

"ఇంకా లేదండీ" అన్నాను.

"అచ్ఛా, తొందరేటి? నెమ్మదిగా ఎతుకు. అన్నం తిన్నావా? ఏటి కూర?"

బెండకాయ అని చెప్పాను. ఒక్కదానికోసం వండుకోవడం బద్ధకమనీ చెప్పాను. మధ్యమధ్యలో ఆవిడకు వినపడేలా మౌస్ నొక్కుతూ, అక్కర్లేని ఫోల్డర్లన్నీ తెరిచి మూశాను. పావుగంట గడిచింది.

"ఆ ఫైలు నీకు ఎప్పుడో దొరికేసుంటాది" అన్నారావిడ.

మౌస్ నొక్కడం ఆపేశాను.

"అయినా ఫోన్ పెట్టెయ్యకు. ఇక్కడ నాకూ పొద్దు గడవట్లేదు."

జాబితా గంట ఆలస్యంగా పంపి, నెపం కంప్యూటర్ మీదకు నెట్టేశాను. మీరైతే ఏం చేసేవారు?