గులాబీ గీతల మధ్య నా కారు

మొన్న సోమవారం మా ఆఫీసు పార్కింగ్‌లో నా పరువు ఎట్లా పోయిందో మీకింకా తెలీదు కదూ? తెలిసే ఉంటుందిలే, మన తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఏది దాగుతుంది! అయినా వేరేవాళ్ళ నోట వినేకన్నా నా నోటే వినండి, మసాలా సరిగ్గా పడుతుంది. సునీతా, నాకు టీ వద్దు, మీరు తాగండి. మాత్ర వేసుకుని ఇంకా గంట కాలేదు. ఆ ఫ్లాస్కు మూత మాత్రం పెట్టెయ్ తల్లీ, ఆ అల్లం వాసన వస్తుంటే నాకు కథ సాగదు.

థైరాయిడ్ మాత్ర. పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి, గంటదాకా కాఫీ లేదు, టీ లేదు. పళ్ళు తోముకోగానే కాఫీ గ్లాసు చేతికొచ్చే ఇంట్లో, ప్రొద్దుటూరులో పెరిగినదాన్నబ్బా నేను! ఇప్పుడు రోజూ మా ఆయన కాఫీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని గోడ గడియారం చూస్తా.

దాచేదేముంది, మూడేళ్ళుగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. డాక్టరమ్మ ఒకటే మాట. "ముందు మీ టీఎస్‌హెచ్ దిగాలి శైలజా, మిగతాది తర్వాత." దిగుతుందా ఆ థైరాయిడ్ నంబరు? మూడు నెలలు దిగుతుంది, మళ్ళీ ఎక్కి కూర్చుంటుంది. మా ఆయన సుధాకర్ రాత్రి గదిలోకి రాగానే అడిగే మొదటి మాట, "నంబరెంత వచ్చింది?" అని. అది కాపురమా, స్టేటస్ కాలా?

ఇది చాలదన్నట్టు జనం! పెళ్ళికి పో, గృహప్రవేశానికి పో, ఆఖరికి ఎవరైనా పోయారని పరామర్శకి పో. "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" అడిగేటప్పుడు మొహం చూడరు, పొట్ట చూస్తారు. పొట్ట ఉంది మరి! థైరాయిడ్ పుణ్యమా అని నాకన్నా ముందు గుమ్మం దాటుతోంది. దాన్ని చూసి వాళ్ళ కళ్ళు మెరుస్తాయి. నేను "లేదండీ" అనగానే చప్పబడిపోతాయి. ఇక సలహాలు మొదలు. క్యాబేజీ మానెయ్, స్ట్రెస్ తగ్గించుకో, మా ఆడపడుచు తోటికోడలు ఏదో పసరు తాగిందట. నాకు ఒళ్ళు మండిపోతుంది. నాకు కావలసింది బిడ్డ, వీళ్ళ జాలి కాదు!

సరే, అసలు సంగతికొస్తా. నెలన్నర క్రితం లింగంపల్లిలో రక్తపరీక్షకి పోయి, అక్కడ క్యూలో ఇరుక్కుని, ట్రాఫిక్‌లో మళ్ళీ ఇరుక్కుని ఆఫీసు చేరేసరికి క్లయింట్ డెమోకి పది నిమిషాలుంది. బేస్‌మెంట్ వన్ నిండిపోయింది. టూ కూడా అంతే. త్రీలో చోటుంటుంది కానీ అక్కడ లిఫ్ట్ ఆగదు, రిపేరు. ఎప్పటినుంచి అని అడక్కండి, నేను ఈ కంపెనీలో చేరకముందు నుంచి.

బేస్‌మెంట్ వన్‌లో లిఫ్ట్‌కి ఆనుకుని గులాబీ రంగు గీతలు గీసిన రెండు జాగాలున్నాయి. గర్భిణీల కోసం. గోడకి పొట్ట మీద చెయ్యేసుకున్న ఆడమనిషి బొమ్మ కూడా ఉంటుంది. అందులో ఒకదాంట్లో మా టవర్‌లోనే పెద్ద పొజిషన్‌లో ఉన్న ఒక సారు నల్ల కారు రోజూ పెట్టుంటుంది. ఆయనకి ఎన్నో నెలో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. రెండోది ఆరోజు ఖాళీగా ఉంది.

నేను దాని ముందు కారు ఆపి ఏడుపు మొహంతో దిక్కులు చూస్తున్నా. పార్కింగ్ సెక్యూరిటీ సాయమ్మ వచ్చింది. మహబూబ్‌నగర్ వైపు మనిషి, మెడలో విజిల్, గొంతు దానికన్నా గట్టిది. అద్దంలోంచి లోపలికి తొంగి చూసింది. మోచేతి దగ్గర అంటించిన దూది చూసింది, నీరసపు మొహం చూసింది, స్టీరింగ్‌కి తగులుతున్న పొట్ట చూసింది. అంతే, మొహం ఇంత చేసుకుని నవ్వింది.

"అయ్యో బిడ్డా, చెప్పొద్దా? రా, గీడ పెట్టు. పైలం, మెల్లగ దిగు!"

నేను నోరు తెరిచా. కాదమ్మా అని చెప్పడానికే తెరిచా, ఒట్టు! ఇంతలో ఫోన్లో మా మేనేజర్ కిరణ్ గారి మెసేజ్, "శైలజా గారూ, అందరూ జాయిన్ అయ్యారండి." నోరు మూసుకుని కారు లోపల పెట్టేశా.

మర్నాడు బుద్ధిగా బేస్‌మెంట్ త్రీకే పోదామనుకున్నా. పోనిస్తేనా! సాయమ్మ దూరం నుంచే నా కారు గుర్తుపట్టి, వెనకున్న నాలుగు కార్లు ఆపేసి, విజిల్ ఊదుతూ గులాబీ జాగాలో అడ్డం పెట్టిన కోన్ పక్కకి లాగింది. "నీకోసమే ఆపిన. ఇగ రోజు గీడనే పెట్టు, ఫికర్ చెయ్యకు." దిగగానే ల్యాప్‌టాప్ బ్యాగు లాక్కుని లిఫ్ట్ దాకా మోసింది.

చెప్పి ఉండొచ్చు కదా అంటారు. ఉండొచ్చు. కానీ ఒక్క మాట నిజంగా చెప్తా. మూడేళ్ళలో నా పొట్ట చూసి సంతోషపడి, ఆ సంతోషం పోకుండా అట్లాగే ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఆ లిఫ్ట్ దాకా నడిచే కాసేపు నాకు భలే ఉండేది. అందుకే చెప్పలేదు. సునీతా, అట్లా చూడకు, నేనిప్పుడు నవ్వించే మూడ్‌లో ఉన్నా.

ఇక నాటకం ముదిరింది. "ఎన్నో నెల బిడ్డా?" అంది. "మూడు" అనేశా. పచ్చి మామిడికాయలు కోసి ఉప్పూకారం అద్ది పొట్లం కట్టి తెచ్చేది. డెస్క్ దగ్గర కూర్చుని మొత్తం తినేసేదాన్ని. కారు దిగేటప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకోవడం అలవాటైపోయింది. ఒకరోజు ఇంట్లో సోఫాలోంచి కూడా అట్లాగే లేచా!

అది చూసి సుధాకర్ నిలదీశాడు. చెప్పక తప్పలేదు. తల పట్టుకున్నాడు.

"నీకేమన్నా బుద్ధుందా శైలూ? రేపు తొమ్మిదో నెల అంటే ఏం చేస్తావ్?"

"అప్పటికి నిజంగానే వస్తుందిలే."

"ముందు చెప్పేసి తర్వాత..."

"మన ఫీల్డ్‌లో రోజూ జరిగేదే కదా! ముందు క్లయింట్‌కి రిలీజ్ డేట్ చెప్పేస్తాం, తర్వాత కూర్చుని కోడ్ రాసుకుంటాం. నువ్వు డెవలపర్‌వి, నీ పని నువ్వు చూసుకో."

పాపం, లేచిపోయి ల్యాప్‌టాప్ తెరుచుకున్నాడు.

ఇప్పుడు మొన్న సోమవారం. నేను ర్యాంపు దిగేసరికి కార్ల వరస ఆగిపోయి ఉంది. ఒకటే హారన్లు. నేను మూడో కారుని. ముందు ఏముందా అని తల బయటపెట్టి చూశా. గులాబీ జాగా ముందు ఒక చిన్న ఎర్ర కారు. దాని పక్కన ఒక అమ్మాయి, నిండు పొట్టతో, చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. ఇన్నాళ్ళు ఇంటి నుంచి పని చేసిందట, ఆరోజే ఆఫీసుకొచ్చింది. కోన్‌కి అడ్డంగా మా సాయమ్మ, చేతులు బార్లా చాపి!

"గిది మా మేడం జాగా! ఆమె వస్తది ఇప్పుడు."

"ఆంటీ, నాకు ఏడో నెల!"

"అయితే ఏంది? ఆమెకు నాలుగో నెల. ఆమె ముందుగాల వచ్చింది. గా నల్ల కారు సార్ తియ్యడు, నేనేం జెయ్యాలె? జర కిందికి పోయి పెట్టుకో తల్లీ."

కిందికి అంటే బేస్‌మెంట్ త్రీకి! ఏడో నెల పిల్ల, లిఫ్ట్ లేని చోటుకి! రివర్స్ తీసుకుని పారిపోదామా అని వెనక్కి చూశా. వెనక కారులో కిరణ్ గారు. అద్దం దించి, పళ్ళన్నీ బయటపెట్టి, "శైలజా గారూ! మీరేనా ఆ మేడం? కంగ్రాట్స్ అండీ! ఒక్క మాట చెప్పలేదేమండీ? లీవ్ ఎప్పటినుంచండీ? మన రిలీజ్‌కి అడ్డం రాదు కదా?"

చూశారా? కంగ్రాట్స్‌కీ రిలీజ్‌కీ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు మహానుభావుడు.

ఇక దిగా. నడుం మీద చెయ్యి పెట్టుకోకుండా దిగా. కారు తలుపు వేసిన చప్పుడుకే సగం హారన్లు ఆగాయి.

"సాయమ్మా, జాగా ఆ అమ్మాయికియ్యి. నాకు ఏ నెలా కాదు. ఇది థైరాయిడ్."

బేస్‌మెంట్‌లో ఏ మాటైనా రెండుసార్లు వినిపిస్తుంది. థైరాయిడ్ అనే మాట గోడలకి కొట్టుకుని అందరి దగ్గరికీ వెళ్ళింది.

"ఏంది?" అంది సాయమ్మ.

"కడుపు కాదమ్మా. మూడేళ్ళుగా ప్రయత్నం చేస్తున్నాం, మందులు మింగుతున్నా, ఇంకా రాలేదు. నీకు చెప్పకపోవడం నాదే తప్పు." ఆ అమ్మాయి వైపు తిరిగా. "సారీ అమ్మా, నా వల్ల నిన్ను నిలబెట్టారు." తర్వాత కార్ల వరస వైపు తిరిగా. అందరూ అద్దాలు దించి మరీ చూస్తున్నారు. అవే కళ్ళు. అప్పుడే చప్పబడుతున్న కళ్ళు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "జాలి పడక్కర్లేదండీ ఎవరూ! దొంగ పార్కింగ్ చేశా, తిట్టండి, పడతా. క్యాబేజీ గురించి మాత్రం ఒక్కరు మాట్లాడినా ఊరుకోను!"

కిరణ్ గారి అద్దం మెల్లగా పైకి పోయింది.

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, పర్లేదు" అంది. అది జాలి కాదు, అక్కా అంది అంతే. అయినా ఏడుపు వచ్చేసేట్టుంది. ఏడిస్తే అందరి ముందూ ఓడిపోయినట్టే కదా. ఏం చెయ్యాలో తెలీక పక్కకి చూశా. పక్కనే తళతళలాడుతూ నల్ల కారు. లోపల స్టీరింగ్ ముందు ఫోన్ మాట్లాడుతూ ఆ పెద్ద సారు.

"సాయమ్మా! నన్ను వెళ్ళగొట్టు, తప్పులేదు. మరి ఈ సారుకి ఎన్నో నెల?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వరస వరసంతా నవ్వింది. సాయమ్మకి నా మీద వచ్చిన కోపం ఎక్కడ పెట్టాలో తెలీక నిలబడి ఉంది కదా, జాగా దొరికింది. పోయి ఆ కారు బానెట్ మీద అరచేత్తో చరిచి, చెవులు చిల్లులు పడేట్టు విజిల్ ఊదింది. "తియ్యుండ్రి! ఇద్దరికిద్దరు దొంగలే దొరికిండ్రు నాకు!"

సారు అద్దం దించి ఏదో అనబోయాడు. ఎదురుగా ఇరవై కార్ల జనం, అందులో సగంమంది ఫోన్లు పైకెత్తి ఉన్నారు. అద్దం ఎత్తేసుకున్నాడు. నల్ల కారు బయటికొచ్చింది. దాని వెనక నాది. ఇద్దరం మంగళవాయిద్యంలా విజిల్ మోగుతుంటే వరసగా బేస్‌మెంట్ త్రీలోకి దిగాం. నేను దాటిపోతుంటే సాయమ్మ కారు పక్కకొచ్చి ఒకటే అడిగింది.

"మామిడికాయలన్నీ తిన్నవ్ గదనే?"

"తిన్నా. బాగున్నాయి."

"సిగ్గులేదు" అంది. నిజమే.

ఆరోజంతా డెస్క్ దగ్గర ఎవరూ కళ్ళు కలపలేదు. మధ్యాహ్నం చెయ్యి కడుక్కుంటుంటే పక్కన ఒకావిడ, పేరు కూడా తెలీదు, అద్దంలో చూస్తూ మెల్లగా అంది, "నాక్కూడా థైరాయిడేనండీ. ఏ డాక్టరు?" సాయంత్రానికి అట్లా ముగ్గురు. అందరికీ అదే పొట్ట, అదే మాత్ర, కాఫీ కోసం అదే ఏడుపు. ఇప్పుడు మాకొక గ్రూపు ఉంది. సలహాలు నిషేధం.

ఇంకో సంగతి. అదేరోజు మళ్ళీ చేయించిన రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. నంబరు దిగింది! డాక్టరమ్మ "ఇక మీ ఇష్టం, కానివ్వండి" అంది. సుధాకర్‌కి ఫోన్ చేసి చెప్తే, "కోడ్ ఫ్రీజ్ ఎత్తేశారా?" అన్నాడు, అంటే ఇక కోడ్ ముట్టుకోవచ్చా అని. వాడికీ కాస్త తెలివొచ్చింది.

నిన్న సాయమ్మ మళ్ళీ మాట్లాడింది. నేను మెట్లెక్కి రొప్పుతూ వస్తుంటే కోన్ మీద చెయ్యేసి నిలబడి, "ఇగో, నిజంగ అయిన్నాడు రా, కాయితం జూపి మరీ పెట్టుకో. ఆ జాగా యాడికి పోదు. అప్పటిదాక మెట్లెక్కు" అంది. నేనేమన్నా తక్కువ తిన్నానా? "వస్తా, చూస్కో. పచ్చి మామిడికాయలు సిద్ధం చేసుకో" అన్నా. "సీజన్ అయిపోయిందే పిచ్చిదానా" అంది. ఉప్పులో వేసి పెట్టమన్నా. నేను ఆగుతున్నా కదా, ఆ కాయలు కూడా ఆగాలి.

రోజూ అర్ధగంట నడవమని డాక్టరమ్మ మూడేళ్ళుగా చెప్తే నడవలేదు. ఇప్పుడు బేస్‌మెంట్ త్రీ మెట్లు నడిపిస్తున్నాయి. నాతో పాటు నల్ల కారు సారు కూడా ఎక్కుతున్నాడు, ఒక్కో అంతస్తుకీ ఆగి రొప్పుకుంటూ. ఆయన పొట్ట చూస్తే నాదెంత! పాపం ఆయన్ని మాత్రం ఎవరూ విశేషమేమైనా ఉందా అని అడగరు, నేనే రోజూ అడుగుతున్నా.

గంటయింది. ఆ ఫ్లాస్కు ఇటివ్వు సునీతా. రేపు మన అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా నా పొట్ట చూసి విశేషమేమైనా ఉందా అని అడిగితే మీరు మొహమాటపడొద్దు. ఉందనే చెప్పండి. శైలజకి బేస్‌మెంట్ త్రీలో పర్మనెంట్ జాగా దొరికిందని చెప్పండి.