నిచ్చెన మేస్త్రీ సుద్ద అంకెలు

విల్లులు బాగుచేసే ఆ మేస్త్రీని అందరూ నిచ్చెన అంటారు. తాడిచెట్టంత మనిషి, తల వంచకుండా గుమ్మం దాటిన రోజు లేదు. కొట్టు వెనక గదిలో దూలానికి ఇసుక మూట వేలాడుతూ ఉంటుంది. బాగుచేసిన ప్రతి విల్లూ తానే లాగి, మూట మీదికి బాణం వేస్తాడు. మూట ఊగి వెనకున్న రేకును నెడుతుంది. రేకు ఎక్కడ ఆగితే, కొలబద్ద మీద అక్కడి గీత అంకే ఆ విల్లు దెబ్బ బలం. ఆ అంకెను విల్లు మీద సుద్దతో రాస్తాడు. ఇరవై ఏళ్లుగా ఆ అంకె అందరికీ వేదవాక్కు.

కూతురి విల్లు మీద అరవై రెండు అని ఉంది. పోటీల్లో మాత్రం ఆ పిల్ల బాణాలు దూరపు గురిని అందుకోలేక నేల కరిచేవి. "విల్లు భేషుగ్గా ఉంది. నీకే ఒళ్లు వంగదు," అని రెండేళ్లుగా సాధిస్తున్నాడు తండ్రి. కన్నవాడు అనవలసిన మాటేనా అది!

ఆ మధ్యాహ్నం ఆమె విల్లు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఎవరికైనా ఇచ్చేయండి నాన్నా. ఇక నా వల్ల కాదు."

ఆయనకు కోపం వచ్చింది. విల్లందుకుని ఒక బాణం వేశాడు. అరవై రెండు.

"చూశావా?"

"చూశాను. అందుకే ఇచ్చేయమంటున్నా."

"పోయేముందు నువ్వూ ఒక్కసారి వెయ్యి."

వేసింది. నలభై ఒకటి. మళ్లీ నలభై ఒకటి. మూడోసారీ అంతే. మేస్త్రీ వంగి గీత చూశాడు. బద్ధకపు చెయ్యి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ లాగుతుంది గానీ ఇలా గీత తప్పకుండా లాగదు.

"ఇంకోటి పెట్టు. లాగి అలాగే ఉండు."

నారి ఆమె గడ్డానికి తగిలింది, ఆయనకు తగిలినట్టే. కానీ బాణం మొన విల్లు పిడికి నాలుగు వేళ్లు ముందుకే నిలిచింది. ఆయన లాగితే మొన పిడి దాకా వచ్చేస్తుంది.

"ఓరి నా బుద్ధి మండ!" నెత్తి కొట్టుకున్నాడు. "విల్లు బలం అనుకుని ఇన్నేళ్లూ నా చేతుల పొడుగు రాశానమ్మా!"

ఆమె చేతి పొడుగుకే నిండా వంగే పొట్టి విల్లు మూల నుంచి తీసి, నారి కట్టి ఇచ్చాడు. ఈసారి యాభై మూడు.

"మరి రెండేళ్లు తిట్టిన తిట్లో?" అంది కూతురు.

"అవన్నీ నాకు తగలాల్సినవి తల్లీ."

తడిగుడ్డతో కొట్టులోని విల్లులన్నిటి మీదా అంకెలు తుడిచేశాడు. సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి, నీ అంకె నువ్వే రాసుకో అన్నాడు. ఆమె పొట్టి విల్లు మీద యాభై మూడు అని రాసి, దాన్ని భుజాన వేసుకుంది.