బేసి వరసల పొత్తు

మొన్న రాజాంలో మా ఆడపడుచు మనవరాలి ఓణీల వేడుకకి వెళితే, భోజనాలయ్యాక కుర్రాడొకడు సెల్‌ఫోనులో ఏదో ప్రవచనం పెట్టాడు. పొద్దు వేళ తప్పదు, రుతువు వరస తప్పదు, పువ్వుకి రేకుల లెక్క తప్పదు, ఇంత పొందిక తనంత తాను రాదు, కనక దీన్ని చేసినవాడొకడు ఉండి తీరాలి అని అందులో ఆయన గంభీరంగా చెబుతుంటే, నా ఈడు ఆడవాళ్ళంతా ఆకూ వక్కా నములుతూ నిజమే కదమ్మా అని తలలూపారు. నాకు మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది. నాకు చలేస్తోందనుకుని ఎవరో పాపం ఫ్యాను కూడా తగ్గించారు. ఫ్యాను కాదు తల్లీ, ఈ మాట నేను పదకొండేళ్ళప్పుడే విన్నాను, అది ఒక మనిషిని ఏం చేసిందో కూడా చూశాను అని శుభమా అని వచ్చిన చోట ఎలా చెప్పను?

మాది చీపురుపల్లికి ఎగువన మెట్ట ఊరు. చోళ్ళూ గంట్లూ, అంటే రాగులూ సజ్జలూ, పండేవి, ఊరి చివర ఎకరన్నరలో మొక్కజొన్న వేసేవారు. మా తాతకి చదువు లేదు గాని వాదనంటే ప్రాణం. దేవుడు లేడన్నవాడు వీధిలో కనిపిస్తే చాలు, పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి, చేతిలో ఒక పొత్తు పెట్టి గింజల వరసలు లెక్కపెట్టమనేవాడు. పన్నెండో, పద్నాలుగో, పదహారో వచ్చేవి, ఎప్పుడూ సరిసంఖ్యే, బేసి వచ్చేది కాదు. అబద్ధమాడటం లేదు, మీరూ ఎప్పుడైనా చూడండి. వచ్చినవాడు తెల్లమొహం వేశాక తాత తొడ చరిచి, “సూసావా, అంత సిన్న పొత్తులో కూకుని ఎవుడు లెక్కెడతన్నాడ్రా? ఆడొక్కడే. ఆడు తప్పు సెయ్యడు” అనేవాడు. పిల్లలం మేమూ చప్పట్లు కొట్టేవాళ్ళం.

అప్పటికి మా చెల్లికి ఆరేళ్ళు. మాట రాలేదు. పిలిస్తే తిరిగేది కాదు, ఎవరి మొహంలోకీ చూసేది కాదు, అలాగని చెవుడూ కాదు, దూరాన ఉరుము వినపడితే మాకన్నా ముందు అదే లేచి నిలబడేది. శృంగవరపుకోట వైద్యుడి దగ్గరికీ తీసుకెళ్ళారు, మొక్కని దేవుడూ లేడు. తాతకి అదంటే మహా ముద్దు, తన వాదనలన్నీ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునే చేసేవాడు. ఒక రోజు అలా చేస్తుండగానే, పుట్టింటికి వచ్చిన మా మేనత్త గడపలో నిలబడి వింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు సుమండీ, వచ్చినప్పుడల్లా మాకు జంతికలు మూటగట్టి తెచ్చేది. తాత వాదన ఆపిన చోటు నించి ఇంకొక్క అడుగు వేసింది, అంతే.

“ఆడు తప్పు సెయ్యడు గదా నానా. మరి ఈ పిల్లని ఇలగ పంపేడంటే, మా వదిన ఏ జన్మలో ఏటి సేసుకున్నాదో!”

ఎవరికైనా జవాబిచ్చే మా తాత చేతిలోని పొత్తుని పక్కన పెట్టేశాడు. లోపల అంబలి కలుపుతున్న అమ్మ చెయ్యి ఆగిపోవడం నేను చూశాను.

మర్నాటి నించి, చిలకలు వాలకుండా చేను కాయడానికి నేనే వెళతానని అమ్మ బయల్దేరింది. చెల్లినీ నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళి, మమ్మల్ని గట్టున తాటాకు పందిరి కింద కూర్చోబెట్టి, తను చేలోకి దిగేది. మనిషి కన్నా ఎత్తు పైరు, మిట్టమధ్యాహ్నం, గాలి లేదు. అమ్మ కనిపించేది కాదు గాని ఆకులు చీలుతున్న చప్పుడు మాత్రం ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినపడుతుండేది. ఏం చేస్తోందోనని మూడో రోజు లోపలికి వెళ్ళాను. మొక్కన ఉన్న పొత్తుని ఉన్నట్టే సగానికి వలిచి, గోటితో వరసలు లెక్కపెట్టి, వదిలేసి పక్క మొక్కకి పోతోంది. ఆమె వెనక అంత మేరా వలిచిన పొత్తులు పళ్ళు బయటపెట్టుకుని మా వైపే చూస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. వాటికి తగలకుండా ఒళ్ళు దగ్గరికి ముడుచుకుని నడిచాను. చిలకలు కూడా ఆ దిక్కుకి రావడం మానేశాయి.

నన్ను చూసి అమ్మ దాచలేదు. “బేసిది ఒక్కటి దొరికితే సాలే. ఆడికీ ఒకోపాలి సెయ్యి తప్పుతాదని తెలిస్తే, ఇది నా పాపం కాదు, ఉత్త పొరపాటని అనుకుంటాను” అంది, మళ్ళీ లెక్కలో పడిపోయింది. సరి, సరి, సరి. అన్నం మానేసింది. రాత్రి నిద్దట్లో కూడా బొటనవేలు కదులుతూనే ఉండేది. నాన్న చేను చూసి లబోదిబోమన్నాడు, ఇక ఆగితే పంట దక్కదని రెండు రోజుల్లో కోత అన్నాడు. అమ్మకింకా సగం చేను మిగిలే ఉంది.

ఆ బేసి పొత్తు దొరక్కపోతే అమ్మ బతకదనిపించింది నాకు. కోత ముందు రోజు గట్టు పక్కన ఒక ముదురు పొత్తు విరిచి, తుమ్మముల్లుతో ఒక వరస గింజలు ఒక్కటొక్కటే పెకలించేశాను. వేలు చీరుకుని రక్తం వచ్చింది. వెళ్ళి, దొరికిందే అమ్మా అన్నాను.

అమ్మ పందిరి కిందకి వచ్చి కూర్చుని లెక్కపెట్టింది. గింజలు పీకిన ఖాళీ చాలు దగ్గర ఆమె వేలు ఆగింది, తెలియకపోవడమేమిటి, గుడ్డివాడికైనా తెలుస్తుంది. అయినా దాటేసి పదమూడు అంది. పదమూడు, పదమూడు అంటూ నవ్వుతూ ఏడ్చింది. ఎన్నాళ్ళకో అమ్మ నవ్వు చూసి నాకూ ఏడుపొచ్చింది.

అప్పుడు చెల్లి లేచింది. నేను గట్టున పారేసిన గింజలు ఎప్పుడు ఏరుకుందో ఏమో, దాని గుప్పిట్లో ఉన్నాయి. అమ్మ ఒళ్ళోని పొత్తు తీసుకుని, ఆ ఖాళీ చాలులో ఒక్కొక్క గింజే, పెద్దది కింద, చిన్నది కొసన, ఏది ఎక్కడ ఉండేదో అక్కడే అమర్చింది. ఒకటి మిగల్లేదు, ఒకటి తక్కువ పడలేదు. అమర్చడం అయ్యాక తల ఎత్తి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అమ్మ మొహంలోకి తిన్నగా చూసింది.

అమ్మ నా వేలి రక్తం కొంగుతో తుడుస్తూ, ఎవరికీ వినపడకూడదన్నట్టు, “ఈ పిల్ల నా పచ్చం కాదే. ఆ లెక్కెట్టేవోడి పచ్చమే, ఆడి మనిషే” అంది.

ఆ తరవాత ఆమె ఎన్నడూ పొత్తు ముట్టలేదు. చెల్లిని కసరలేదు, ఒళ్ళోకీ తీసుకోలేదు. ఎదర కంచం పెట్టి ఒక అడుగు వెనక్కి జరిగేది, నైవేద్యం పెట్టినట్టు. పోయేదాకా అంతే. చెల్లి ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది.

కాలం ఎంత మారిపోయిందో! మా వీధిలో అలాంటి పిల్లవాడే ఉంటే వాళ్ళమ్మకి తోడుగా విజయనగరం ఆస్పత్రికి వెళ్ళాను. ఆ తీరుకిప్పుడు ఒక పేరుంది, బడులున్నాయి, ఆటలతో మాటలు నేర్పేవాళ్ళున్నారు. ఆ డాక్టరమ్మ కాగితం రాస్తూ రాస్తూనే, ఇందులో మీ తప్పేమీ లేదమ్మా అంది, అంత తేలిగ్గా! ఆ పిల్లాడి తల్లి కన్నా నేనే ఎక్కువ ఏడ్చాను. ఆ మాట అనడానికి డాక్టరీ చదవాలా ఏమిటి? ఆ ఎండలో, ఆ చేలో అమ్మ పక్కన ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. నాకు ఆ మాట తట్టలేదు, వరస పీకడం తట్టింది.