పని కిలోమీటర్లు, సొంత కిలోమీటర్లు

ఊళ్లో ఎవరి కుట్టుమిషను మొండికేసినా ముందు కబురు వెళ్లేది మిషనక్కకే. యాభై రెండేళ్ల మనిషి. మామగారి దగ్గర నేర్చుకున్న పని. ఆయన సైకిలు మీద తిరిగి రిపేర్లు చేసేవాడు. ఇప్పుడు యూనిఫారాలు, దుప్పట్లు కుట్టే చోట్ల ఉండే మిషన్లని సైకిలుకి కట్టుకు పోలేం కనక, ఆమె ఒక పాత వ్యాను కొనుక్కుంది. పొద్దున పనికి పోయేదీ అదే, సాయంత్రం కూరగాయలు మోసేదీ, అత్తగారిని కళ్ల డాక్టరు దగ్గరికి తిప్పేదీ అదే.

ఒకరోజు ఆ వ్యాను గురించి పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కిందటేడు దాని పెట్రోలు, మరమ్మతులు, బీమా మొత్తం వ్యాపారం ఖర్చేనని ఆమె చూపించేసింది. ఏడాదంతా ఒక్కసారైనా సొంత పనికి వాడలేదా అని వాళ్లు అడిగారు. చదవగానే మిషనక్క అన్న కూతురికి ఫోను చేసింది. ఆ అమ్మాయి చేసేది ఇలాంటి లెక్కల పనే.

"అత్తా, మీ అత్తగారిని డాక్టరు దగ్గరికి ఏ బండిలో తీసుకెళ్తావు?"

"మనకి ఇంకే బండుందే?"

"మరి అది వ్యాపారం ఎలా అవుతుంది? వ్యాను వంద కిలోమీటర్లు తిరిగితే అందులో పనికి ఎన్ని తిరిగిందో, ఖర్చులో అంత వంతుకే పన్ను మినహాయింపు. నువ్వేమో ఏమీ రాసిపెట్టలేదు. ఈ మూడు నెలలూ ఒక్క ప్రయాణం వదలకుండా రాయి. గడువు అడిగి, ఆ లెక్కనిబట్టే కిందటేడుకి కూడా వంతు కట్టమందాం."

రాయడమనగానే మిషనక్క నీరుగారిపోయింది. ఆమె చేతులకి ఎప్పుడూ నూనే. ముట్టుకున్న ప్రతి కాయితం మీదా వేలిముద్ర పడాల్సిందే.

"నేనొస్తాను. నేను రాస్తాను," అన్నాడు భర్త.

ఆయన ముప్పై మూడేళ్లు లైబ్రరీలో పనిచేసి ఆర్నెల్ల కిందటే రిటైరయ్యాడు. అప్పట్నుంచీ ఏం తోచక ఒకే పేపరు మూడుసార్లు చదివేవాడు. ఓసారి వంటింటి డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్ది ఆమె చేత చీవాట్లు తిన్నాడు. బండి నడపడం రాదు సరికదా, జోరుగా పోతే కళ్లు మూసుకునే రకం. అయినా మర్నాడు పొద్దున్నే గీతలు కొట్టిన పుస్తకంతో, చెవి మీద పెన్నుతో ముందుసీట్లో కూర్చున్నాడు.

తేదీ, మీటరు అంకె, వెళ్లిన చోటు, పనా సొంతమా, ఈ నాలుగు గళ్లు చాలని మేనకోడలు చెప్పింది. ఆయన ఐదో గడి కూడా గీసి పైన 'విశేషాలు' అని రాసుకున్నాడు. "దుప్పట్లు కుట్టే గది. మూడో మిషను దారం తెంపుతోంది. చూస్తే సూది తిరగేసి పెట్టారు. కుట్టే ఆవిడ సిగ్గుపడి నవ్వింది." అలా ఉండేవి ఆయన విశేషాలు.

నెల తిరిగేసరికి ఇద్దరికీ ఒకసారి చెడింది కూడా. ఊరి చివర పని ముగించుకుని వస్తూ, కొత్తగా కట్టిన వంతెన చూద్దామని ఆమె బండిని పక్కదారి పట్టించింది. గాలి చల్లగా ఉంది. ఇద్దరూ రెయిలింగుకి ఆనుకుని పడవలు చూశారు. తిరిగి బండెక్కాక ఆయన పెన్ను తీశాడు.

"తొమ్మిది కిలోమీటర్లు సొంతం."

"పనికొచ్చిన దారే కదండీ! పనని రాసేయండి."

"పని అయిపోయాక తిరిగాం. సొంతమే."

"మీరు నా మొగుడా, ఆ ఆఫీసు మనిషా?"

ఆమె విసురుగా గేరు వేసి బండి కదిలించింది. మర్నాడు బండి తీస్తూ అడిగింది, "ఇంతకీ నిన్న ఏమని రాశారు?"

"సొంతం. విశేషాలు, వంతెన బాగుంది. మనిషి అలిగింది."

మిషనక్క స్టీరింగు మీద తల పెట్టుకుని పడిపడి నవ్వింది.

మూడు నెలలయ్యాక ఇద్దరూ ఆ ఆఫీసుకి వెళ్లారు. బల్లకి అటువైపు ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కళ్లజోడు పైకి తోసుకుని పేజీలు తిప్పింది. మీటరు అంకెల్ని పెట్రోలు రసీదులతో పోల్చి చూసింది. తర్వాత ఒకచోట ఆగి పెదవి బిగబట్టింది. అది నవ్వు ఆపుకోవడానికని మిషనక్కకి తెలియలేదు.

"రోజూ మీవారు మీతోనే ఉన్నారు. అలాంటప్పుడు ఇవి పని ప్రయాణాలెలా అవుతాయమ్మా?"

"ఆయనున్నా లేకపోయినా మిషన్లు చెడిపోతాయి కదండీ."

ఆవిడ ఈసారి పైకే నవ్వేసింది. "వంతెనకి పోయింది కూడా సొంతమని రాశారంటే మిగతావి నమ్మొచ్చు," అంటూ వందకి డెబ్బై ఒకటి పనికని తేల్చింది. కిందటేడుకీ అదే వంతు. ఎక్కువ చూపించిన మేరకి పన్ను కట్టాలి. మిషనక్క ఏదేదో ఊహించుకుని వ్యాను అమ్మేయడానికి కూడా సిద్ధపడి వచ్చింది. చూస్తే అది ఒక వారం సంపాదన.

"కాకపోతే ఈ విశేషాలు మాకు అవసరం లేదండీ," అంది ఆవిడ, పుస్తకం తిరిగి ఇస్తూ.

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. మెట్లు దిగుతూ భార్య ఆయన భుజం తట్టింది. "వాళ్లకి అక్కర్లేకపోతే మానె. రాయండి మీరు. పొద్దున కాఫీ తాగుతూ చదువుకుంటాను కదా."

మూడు నెలల లెక్క ముగిసినా ఆయన రావడం మానలేదు. ఈమధ్య కింది దారం కండె ఉండే బాబిన్ కేసు విప్పి దూది దులపడం కూడా నేర్చుకున్నాడు. ఆయన్ని మాస్టారని పిలిచే ఒకరిద్దరు ఫోను చేసి, "అక్కా, మాస్టారు కూడా వస్తున్నారా?" అని అడిగినప్పుడు మిషనక్కకి కాస్త ఉక్రోషంగానే ఉంటుంది. కానీ బరువైన మిషను దించేటప్పుడు అవతలివైపు పట్టడానికి ఒక మనిషి ఉన్నాడు, ఆమె నడుంనొప్పి తగ్గింది. సాయంత్రం ఇంకా వెలుగుండగానే ఇద్దరూ ఇంటికొచ్చేస్తున్నారు.